సాటివారెవరు? – పరిశోధక పత్రికల్లో వ్యాస పరిశీలన

తెలుగులో పరిశోధన చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు కిందటి వేసవిలో ఒక పత్రిక సంచిక పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అందులో అతని వ్యాసం అచ్చయింది. అట్ట మీద ‘పీర్ రివ్యూడ్ అంతర్జాతీయ పరిశోధక పత్రిక’ అని పెద్ద అక్షరాలతో ఉంది. శుక్రవారం సాయంత్రం వ్యాసం పంపాడట. ఆదివారం మధ్యాహ్నానికల్లా అంగీకరించినట్టు ఉత్తరమూ, దానితోపాటే ఎంత సొమ్ము ఏ ఖాతాలో జమచేయాలో సూచనా వచ్చాయట. సంతోషంగా చూపించాడు. నేను మొదటి రెండు పేజీలు చదివేసరికి మూడు తప్పులు కనిపించాయి. అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ తెనాలిలో జరిగిన సంవత్సరం 1943 అని ఉండవలసింది 1934 అయింది. ఒక కవి వాక్యం మరో కవి పేరు మీద ఉంది. ఒక పేరా రెండుసార్లు అచ్చయింది. కుర్రవాడి ముఖం చిన్నబోయింది. కాసేపటికి తనే అడిగాడు: “అయితే మాస్టారూ, దీన్ని చదివిందెవరు?”

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పవచ్చు: ఎవరూ చదవలేదు. కాని ఆ జవాబుతో సరిపెట్టుకుంటే అసలు విషయం మరుగున పడుతుంది. చదివి ఉండవలసిన వారెవరు, వారు ఏం చేసి ఉండవలసింది, ఆ పద్ధతి ఎక్కడ పుట్టింది, దాని బలమేమిటి, బలహీనత ఏమిటి అన్న విషయాల్లో మన రచయితల్లోనూ సాహిత్య విద్యార్థుల్లోనూ తగినంత స్పష్టత లేదు. ఫలితంగా రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. పీర్ రివ్యూ అనే ముద్ర పడితే చాలు, అది సత్యమైపోయిందని నమ్మేవారు కొందరు. ఇదంతా విశ్వవిద్యాలయాల్లోని ఉద్యోగుల వ్యవహారం, ప్రజల రచయితలకు దీనితో పని లేదని తోసిపుచ్చేవారు మరికొందరు. మొదటివారిది భ్రమ. రెండోవారిది అలసత్వం. ఈ రెండింటికీ దూరంగా నిలబడి విషయాన్ని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

పద్ధతి

ముందు మాట సంగతి చూద్దాం. మన వాడుకలో ‘సమీక్ష’ అంటే అచ్చయిన పుస్తకం మీద రాసేది. పీర్ రివ్యూ అటువంటిది కాదు. అది అచ్చుకు ముందు జరిగేది. చాలాచోట్ల పాఠకుడి కంటపడనిది. ‘పీర్’ అంటే సమానుడు, సాటివాడు. ఒక విషయం మీద పనిచేసిన వ్యక్తి రాసిన వ్యాసాన్ని, అదే విషయం మీద పనిచేసిన మరొకరు చదివి, ఇది అచ్చు వేయదగిందా కాదా అని పత్రిక సంపాదకుడికి సలహా చెప్పటమే ఈ పద్ధతి సారం. కనుక దీన్ని ‘సాటివారి పరిశీలన’ అందాం. ఆ చదివే వ్యక్తిని పరిశీలకుడు అందాం.

ఇది ఎలా నడుస్తుందో సాహిత్యానికే సంబంధించిన ఒక పత్రికను తీసుకుని చూడవచ్చు. అమెరికాలో ఆధునిక భాషా సాహిత్యాల అధ్యాపకుల సంఘమైన మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ 1883లో ఏర్పడింది. దాని పత్రిక పి.ఎం.ఎల్.ఎ. ఆంగ్ల సాహిత్య విమర్శలో ఎంతో పేరున్నది. అక్కడికి వ్యాసం పంపేవారు రాతప్రతిలో తమ పేరు ఎక్కడా ఉండకుండా చూసుకోవాలి. ‘నా మునుపటి వ్యాసంలో చెప్పినట్టు’ వంటి వాక్యాలు కూడా తీసేయాలి. సంపాదక కార్యాలయం మొదట చూసేది ఇది తమ పత్రిక పరిధిలోదేనా అని. కానివాటిని అక్కడికక్కడే తిప్పి పంపుతారు. మిగిలినవాటిని ఆ విషయం తెలిసిన ఇద్దరు పరిశీలకులకు పంపుతారు. వారి నివేదికలు అనుకూలంగా ఉంటే వ్యాసం సంపాదక మండలి ముందుకు వెళుతుంది. మండలి నిర్ణయం వెలువడేదాకా వ్యాసకర్త ఎవరో ఆ నిర్ణయం చేసేవారికి తెలియదు.

వివరాల్లో తేడాలున్నా తక్కిన పత్రికల్లోనూ ప్రక్రియ స్థూలంగా ఇదే. పరిశీలకుడికి కొన్ని ప్రశ్నలు ఇస్తారు. వ్యాసం చెబుతున్న కొత్త విషయమేమిటి? దానికి చూపిన ఆధారాలు సరిపోతాయా? ఇదే విషయం మీద ఇదివరకు జరిగిన పని వ్యాసకర్తకు తెలుసా? వాదంలో ఎక్కడైనా లంకె తెగిందా? వీటికి పరిశీలకుడు రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. ఆ నివేదికలో ఒక భాగం వ్యాసకర్తకు చేరుతుంది; సంపాదకుడికి మాత్రమే ఉద్దేశించిన రహస్య భాగం ఒకటి ఉండవచ్చు. చివరకు వెలువడే నిర్ణయం నాలుగు రకాలు: యథాతథంగా అంగీకారం, చిన్న సవరణలతో అంగీకారం, పెద్ద మార్పులు చేసి మళ్ళీ పంపమనటం, తిరస్కారం. మొదటిది బహు అరుదు.

ఇక్కడ గమనించవలసిన అంశాలు రెండున్నాయి. మొదటిది, పరిశీలకుడు న్యాయమూర్తి కాదు, సలహాదారు. ఇద్దరు పరిశీలకులు రెండు దిక్కులకు లాగితే మూడోవారిని అడగటమో, తానే తేల్చటమో సంపాదకుడి బాధ్యత. రెండోది, సవరించమన్నప్పుడు వ్యాసకర్త తలూపి ఊరుకోడు. ప్రతి అభ్యంతరానికీ వరసగా జవాబు రాస్తాడు: ఇది ఒప్పుకుని మార్చాను, ఇది ఒప్పుకోను, కారణం ఇది. ఈ ఉత్తర ప్రత్యుత్తరాలకు నెలలు పడుతుంది. కొన్నిచోట్ల ఏడాది దాటుతుంది. శుక్రవారం పంపింది ఆదివారం తేలిపోవటమనేది ఈ పద్ధతిలో ఊహించలేని సంగతి.

ఈ పద్ధతి చేయలేని పని కూడా చెప్పాలి. పరిశీలకుడు సాధారణంగా ప్రయోగాన్ని తాను మళ్ళీ చేయడు. తాళపత్ర గ్రంథాలయానికి వెళ్ళి ప్రతి ఉల్లేఖననూ మూలంతో పోల్చడు. తన ముందున్న కాగితం మీద వాదం నిలబడుతోందా లేదా అన్నది మాత్రమే చూస్తాడు. అందువల్ల తెలివిగా చేసిన మోసం ఈ జల్లెడలోంచి జారిపోగలదు. సాటివారి పరిశీలన దాటిన వ్యాసం అంటే, తెలిసినవారు ఇద్దరు ముగ్గురు ప్రశ్నించగా నిలబడిన వ్యాసం అని మాత్రమే అర్థం. అది సత్యానికి పూచీపత్రం కాదు.

చరిత్ర

విజ్ఞాన శాస్త్రం ఎప్పుడు పుట్టిందో అప్పుడే ఈ పద్ధతీ పుట్టిందని చాలామంది అనుకుంటారు. వాస్తవం వేరు. లండన్ రాయల్ సొసైటీ కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665 మార్చిలో ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ ప్రారంభించినప్పుడు ఏది వేయాలో ఏది మానాలో ప్రధానంగా ఆయనే నిర్ణయించుకునేవాడు. 1752లో సొసైటీ ఆ పత్రికను తన చేతిలోకి తీసుకుని, వ్యాసాల ఎంపికకు ఒక కమిటీని వేసింది. ఆ కమిటీ ఓట్లు వేసేది. ఎందుకు ఒప్పుకున్నదో ఎందుకు కాదన్నదో కారణాలు చెప్పేది కాదు. 1831లో విలియం హ్యూయెల్ ఒక కొత్త ప్రతిపాదన తెచ్చాడు. వ్యాసాన్ని తెలిసినవారు చదివి నివేదిక రాయాలి, ఆ నివేదికను సొసైటీ అచ్చు వేయాలి అన్నాడు. అంటే మొదట ఉద్దేశించింది రహస్య పరిశీలన కాదు, బహిరంగ పరిశీలన. ఖగోళ శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎయిరీ వ్యాసాన్ని హ్యూయెల్, జాన్ విలియం లబ్బాక్ కలిసి పరిశీలించారు. తొలి నివేదికకే ఇద్దరికీ పడలేదు. వ్యాసం గొప్పతనాన్ని లోకానికి చాటాలని ఒకరు, గణితంలోని లోపాలను ఎత్తిచూపాలని మరొకరు పట్టుబట్టారు. తర్వాతి సంవత్సరాల్లో నివేదికలు అచ్చుకెక్కటం ఆగిపోయింది. పరిశీలకుడి పేరు తెర వెనక్కు పోయింది.

ఆ తర్వాత కూడా ఇది అందరూ పాటించే నియమం కాలేదు. ‘నేచర్’ పత్రిక బయటి పరిశీలనను తప్పనిసరి చేసింది 1973లోనే. డి.ఎన్.ఎ. నిర్మాణం మీద వాట్సన్, క్రిక్‌ల వ్యాసం 1953లో అదే పత్రికలో అటువంటి పరిశీలన లేకుండా వెలువడింది. పీర్ రివ్యూ అనే మాట విస్తృత ప్రచారంలోకి వచ్చింది కూడా 1970లలోనే. ప్రజాధనంతో సాగే పరిశోధనల మీద అమెరికా చట్టసభ ప్రశ్నలు వేస్తున్న కాలమది. మా పని మంచిచెడ్డలు మా సాటివారే తేల్చగలరు అన్నది శాస్త్రజ్ఞుల సమాధానం. ఒక వృత్తి తన స్వయంప్రతిపత్తిని కాపాడుకోవటానికి ముందుకు తెచ్చిన వాదం అది. ఆ వాదంలో న్యాయముంది, స్వప్రయోజనమూ ఉంది. ఏ వ్యవస్థనైనా దాని చారిత్రక పరిస్థితుల్లో పెట్టి చూడాలని మనం సాహిత్యం గురించి చెబుతూనే ఉంటాం. పరిశోధనకు అది వర్తించకపోవటం ఉండదు.

సాటి అనే మాటలోని చిక్కు

సాటివారు అన్నాం. ఎవరికెవరు సాటి? అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లండు దేశస్థుడు బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ నౌకాదళ శిక్షణార్థులకు పాఠాలు చెప్పుకునేవాడు. వాయువుల్లోని కణాల చలనం గురించి ఒక సిద్ధాంత వ్యాసం రాసి 1845లో రాయల్ సొసైటీకి పంపాడు. ఒక పరిశీలకుడు దాన్ని వట్టి అర్థం లేని రాతగా కొట్టిపారేశాడు. వ్యాసం సొసైటీ దస్త్రాల్లో పడిపోయింది. వాటర్‌స్టన్ దగ్గర దాని ప్రతి కూడా లేదు. ఆయన 1883లో మరణించాడు. 1891లో లార్డ్ రేలీ ఆ దస్త్రాన్ని వెలికితీసి చూస్తే, తర్వాతి కాలంలో ఇతరులు పేరు తెచ్చుకున్న భావాల్లో కొన్ని అందులో అప్పటికే ఉన్నాయి. 1892లో అచ్చు వేయించాడు. అంటే 47 ఏళ్ళ ఆలస్యం. ఆ సందర్భంలో రేలీ యువకులకు ఇచ్చిన సలహా గమనించదగ్గది: ముందు చిన్న పనులతో పేరు సంపాదించుకుని, ఆ తర్వాతే పెద్ద పనులు ఇటువంటి సంస్థల ముందుకు తేవటం మంచిదట. జరిగిన అన్యాయాన్ని సరిదిద్దిన పెద్దమనిషే, అన్యాయానికి మూలమైన హోదాను ప్రశ్నించలేకపోయాడు.

అది పాతకాలపు ముచ్చట అనుకోవద్దు. 1982లో డగ్లస్ పీటర్స్, స్టీఫెన్ సెసీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ ప్రయోగ ఫలితాలు ప్రకటించారు. పేరుమోసిన విశ్వవిద్యాలయాల వారు రాయగా అప్పటికే అచ్చయిన 12 వ్యాసాలను తీసుకుని, రచయితల పేర్లూ సంస్థల పేర్లూ మార్చి, ఎవరూ వినని కల్పిత సంస్థల పేర్లు పెట్టి, ఏ పత్రికలు వాటిని అచ్చు వేశాయో ఆ పత్రికలకే మళ్ళీ పంపారు. మూడింటిని మాత్రమే ఇవి పాతవేనని గుర్తుపట్టారు. పరిశీలనకు వెళ్ళిన 9 వ్యాసాల్లో 8 తిరస్కారానికి గురయ్యాయి. పద్ధతిలో తీవ్రమైన లోపాలున్నాయన్నది పరిశీలకులు తరచుగా చెప్పిన కారణం. పెద్ద సంస్థ పేరున్నప్పుడు కనిపించని లోపాలు, ఆ పేరు పోగానే కనిపించాయి. ఈ ప్రయోగం మీద తర్వాత ఎన్నో చర్చలు జరిగాయి. కాని అది వేసిన ప్రశ్న మాత్రం ఇప్పటికీ మనముందే ఉంది.

ఈ జబ్బుకు మందుగానే పేర్లు దాచే పద్ధతి వచ్చింది. పి.ఎం.ఎల్.ఎ. 1980 నుంచి వ్యాసకర్త పేరు దాచటం మొదలుపెట్టింది. స్త్రీలకూ, పేరులేని కళాశాలల్లో పనిచేసేవారికీ, యువతరానికీ అన్యాయం జరుగుతోందన్న ఆందోళన దీని వెనుక ఉంది. దీన్ని వ్యతిరేకించినవారిలో ప్రముఖుడు మిల్టన్ మీద కృషిచేసిన విమర్శకుడు స్టాన్లీ ఫిష్. 1988లో అదే పత్రికలో ఆయన తన వాదం వినిపించాడు. సాహిత్య విమర్శలో మాట విలువ ఆ మాట అన్నవారి స్థానం నుంచి విడదీయలేనిది, ఎవరి ముద్రా లేని శుద్ధమైన యోగ్యత అనేది ఎక్కడా ఉండదు అన్నది దాని సారాంశం. ఈ వాదాన్ని మనం తేలిగ్గా తీసేయలేం. విలువలు సమాజానికి అతీతంగా ఉండవని మనమూ అంటాం. అయితే ఉన్నదాన్ని వివరించటం వేరు, ఉన్నదానికి వకాల్తా పుచ్చుకోవటం వేరు. పేరుకు బలముందన్నది వాస్తవం. ఆ బలాన్ని అలాగే సాగనివ్వాలన్నది పేరున్నవారి కోరిక.

ఇంతమాత్రాన పరిశీలకుడు ఎప్పుడూ పీడకుడే, తిరస్కృతుడు ఎప్పుడూ మేధావే అనుకుంటే మరో తప్పులో పడతాం. 1936లో ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్‌తో కలిసి గురుత్వాకర్షణ తరంగాలు లేవని నిరూపించే వ్యాసం ఒకటి అమెరికాలోని ‘ఫిజికల్ రివ్యూ’కు పంపాడు. సంపాదకుడు జాన్ టేట్ దాన్ని పరిశీలనకు పంపాడు. పదిపేజీల అభ్యంతరాలు వచ్చాయి. తన అనుమతి లేకుండా అచ్చుకు ముందే ఇతరులకు చూపినందుకు ఐన్‌స్టీన్‌కు కోపం వచ్చి వ్యాసం వెనక్కు తీసుకున్నాడు. కాని తప్పు తప్పే. 1937లో మరో పత్రికలో ఆ వ్యాసం వెలువడేనాటికి దాని నిర్ణయం తలకిందులయింది. ఆ పరిశీలకుడు హెచ్.పి. రాబర్ట్‌సన్ అని 2005లో బయటపడింది. ఆ తరంగాలను 2015లో పరికరాలు పట్టుకున్నాయి. లోకమంతా తలవంచే పేరు ముందు కూడా కారణం చూపి ‘ఇది కుదరదు’ అనగలగటం ఈ పద్ధతికున్న శక్తి. వాటర్‌స్టన్ పరిశీలకుడికీ రాబర్ట్‌సన్‌కూ ఉన్న తేడా తెలివితేటల్లో లేదు. ఒకరు ముద్ర వేశారు, మరొకరు పదిపేజీల కారణాలు రాశారు.

మనవాళ్ళే చదివితే చాలునా?

ఇక మనకు బాగా తగిలే ఉదాహరణ. న్యూయార్క్ విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రజ్ఞుడు అలన్ సోకల్ 1994లో ‘సోషల్ టెక్స్ట్’ అనే వామపక్ష సాంస్కృతిక పత్రికకు ఒక వ్యాసం పంపాడు. భౌతిక వాస్తవమనేది కూడా సామాజిక నిర్మాణమేనన్న ధోరణిలో, గంభీరమైన పదజాలంతో, పత్రికవారికి ప్రియమైన పేర్లను ఉటంకిస్తూ, కావాలని అర్థరహితంగా రాసిన వ్యాసం అది. 1996లో వారు అచ్చు వేశారు. వెంటనే మరో పత్రికలో సోకల్ అసలు సంగతి బయటపెట్టాడు. ఆ పత్రికకు అప్పట్లో బయటి పరిశీలకులకు పంపే పద్ధతి లేదు. ఒక భౌతిక శాస్త్రజ్ఞుడికి చూపినా బండారం బయటపడేది.

ఇది ప్రగతి నిరోధకుడి కుట్ర అని చేతులు దులుపుకోవటానికి వీల్లేదు. సోకల్ తాను వామపక్షవాదినని చెప్పుకున్నవాడు; సాండినిస్టాల పాలనలోని నికరాగువాలో గణితం బోధించినవాడు. మనవాడు, మన మాటలు మాట్లాడుతున్నాడు, మన శత్రువును తిడుతున్నాడు – ఈ మూడూ కలిస్తే వ్యాసం బాగున్నట్టే అనుకునే అలవాటు ఎక్కడో న్యూయార్కులో మాత్రమే ఉన్నదా? గుండెల మీద చేయి వేసుకుని చెప్పుకోవాలి.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక చిన్న పత్రిక సంపాదకుడు నాకొక వ్యాసం పంపి అభిప్రాయం అడిగాడు. రాసినామె అప్పుడప్పుడే రాస్తున్న యువతి. నాకు ఇష్టమైన ఒక నవలలో కూలి స్త్రీల చిత్రణను ఆమె తప్పుపట్టింది. ‘దృక్పథ లోపం ఉంది, వేయదగింది కాదు’ అని ఒక్క వాక్యం రాసి పంపాను. సంపాదకుడు ఊరుకోలేదు. “లోపం ఏ పేరాలో ఉందో, ఏ ఆధారంతో అంటున్నారో రాయండి. ఆమెకు పంపాలి” అని తిప్పి పంపాడు. కారణాలు రాయటానికి నవల ముందేసుకుని కూర్చున్నాను. ఆమె చూపిన నాలుగు ఘట్టాల్లో మూడు ఆమె చెప్పినట్టే ఉన్నాయి. నాలుగోదాన్లో నేను చెప్పవలసింది కొంత ఉంది, అది రాశాను. వ్యాసం అచ్చయింది. ఆ సంపాదకుడు నన్ను కారణం అడగకపోతే ఒక కొత్త విమర్శకురాలి గొంతు నా ఒక్క వాక్యంతో ఆగిపోయి ఉండేది. అదీ అభ్యుదయం పేరుతోనే.

శ్రమ ఎవరిది, లాభం ఎవరిది?

ఈ పద్ధతికి ఒక ఆర్థిక పునాది ఉంది. వ్యాసం రాసినవారికి పత్రిక పారితోషికం ఇవ్వదు. పరిశీలకుడికీ సాధారణంగా ఇవ్వదు. విశ్వవిద్యాలయ ఉద్యోగంలో భాగంగా, వృత్తి ధర్మంగా వారు ఈ పని చేస్తారు. సంఘాలూ పరిషత్తులూ పత్రికలు నడిపినంతకాలం ఇది సహకార శ్రమ. రెండో ప్రపంచ యుద్ధానంతరం వాణిజ్య ప్రచురణ సంస్థలు ఇందులో ప్రవేశించి, ఈ ఉచిత శ్రమ మీద పెద్ద వ్యాపారం కట్టాయి. రాబర్ట్ మాక్స్‌వెల్ పెర్గమాన్ ప్రెస్ ఆ దారిలో నడిచి పెరిగింది. 1991లో ఎల్సెవియర్ చేతికి వచ్చింది. ఆ ఎల్సెవియర్ మాతృసంస్థ శాస్త్ర ప్రచురణల విభాగంలో లాభాల శాతం ఇటీవలి సంవత్సరాల్లో 30కి పైగానే ఉంటోంది.

ఈ సొమ్ము ఎక్కడినుంచి వస్తోంది? కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 పత్రికలను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించటానికి మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. చిన్న ఊరి కళాశాల విద్యార్థికి కూడా పత్రికలు అందుబాటులోకి రావటం మంచిదే. అయితే లెక్క చూడండి. పరిశోధకుడికి జీతం ఇచ్చేది ప్రజలు. పరిశీలకుడికి జీతం ఇచ్చేదీ చాలావరకు ప్రజలే. వారి శ్రమఫలాన్ని చదువుకోవటానికి మళ్ళీ చెల్లించేదీ ప్రజలే. పాఠకుడికి ఉచితంగా ఇస్తాం, రచయితే ఖర్చు భరించాలి అన్నది మరో పద్ధతి. ఆ పద్ధతిలో ‘నేచర్’ 2021లో ఒక్క వ్యాసానికి పెట్టిన ధర 9,500 యూరోలు. రచయిత దగ్గర డబ్బు తీసుకోవటమే ఆదాయ మార్గమైనప్పుడు, తిరస్కరించిన ప్రతి వ్యాసమూ పోగొట్టుకున్న ఆదాయమవుతుంది. ఇక్కడినుంచే నా విద్యార్థి కొనుక్కున్న సంచిక దాకా దారి పడింది. ఖరీదైన పత్రిక పరిశీలన జరిపి డబ్బు తీసుకుంటుంది. నకిలీ పత్రిక పరిశీలన అనే ఖర్చు కూడా మిగుల్చుకుంటుంది.

మన దేశంలో ఈ నకిలీ వ్యాపారానికి గిరాకీ కల్పించింది నిబంధనలే. విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2016 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. విద్యార్థి సిద్ధాంత వ్యాసం సమర్పించేముందు పరిశీలన జరిపే పత్రికలో ఒక్క వ్యాసమైనా అచ్చు వేయించుకోవాలి. అధ్యాపక నియామకాల్లో, పదోన్నతుల్లో అచ్చయిన వ్యాసాలకు మార్కులున్నాయి. తెలుగులో అటువంటి పత్రికలు ఎన్ని ఉన్నాయి, వాటికి పరిశీలకులెవరు అని ఎవరూ ఆలోచించలేదు. అవసరం ముందు పుట్టింది. సరుకు వెనకే వచ్చింది. 2018 మేలో ఆ సంఘమే తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించవలసి వచ్చింది. తర్వాత ‘కేర్’ పేరుతో మరో జాబితా తెచ్చింది. 2022 నిబంధనల్లో పిహెచ్.డి.కి ప్రచురణ తప్పనిసరి అన్న షరతు తీసేసింది. 2025 ఫిబ్రవరిలో ‘కేర్’ జాబితాను కూడా రద్దుచేస్తున్నట్టు ప్రకటించి, మంచి పత్రికలేవో విద్యాసంస్థలే తేల్చుకోవాలంది. జాబితాలు వచ్చాయి, పోయాయి. వ్యాసాన్ని చదివి కారణం రాసి చెప్పే మనిషిని తయారుచేయటమనే పని మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు.

మనం నేర్చుకోవలసింది

తెలుగు సాహిత్యంలో సాటివారి పరిశీలన అనే పేరు కొత్త కావచ్చు. దాని ప్రాణం కొత్త కాదు. ‘భారతి’ పత్రిక 1924 నుంచి 1991 దాకా నడిచింది. అందులో ఒకరి వ్యాసం మీద మరొకరు ఆధారాలతో అభ్యంతరం రాయటం, దానికి మొదటివారు జవాబివ్వటం పాఠకుల కళ్ళముందే జరిగేది. అది అచ్చు తర్వాత జరిగిన బహిరంగ పరిశీలన. ఇంకా వెనక్కు వెళితే గురజాడ కనిపిస్తాడు. మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు రచన విషయంలో వేసిన సంఘంలో ఆయన సభ్యుడు. తోటి పండితుల్లో ఎక్కువమంది వ్యావహారిక భాషకు వ్యతిరేకులు. ఆయన లేచి వెళ్ళిపోలేదు. మౌనంగా సంతకమూ పెట్టలేదు. తన వాదాన్ని ఆధారాలతో సహా అసమ్మతి పత్రంగా రాశాడు. అది 1914 నాటి మాట. ఆనాడు సాటివారి తీర్పు ఆయనకు వ్యతిరేకం. కాని రాతలో ఉన్న కారణాలు తర్వాతి తరానికి అందాయి. ఇవాళ ఈ వ్యాసం ఏ భాషలో ఉందో చూస్తే చివరకు నెగ్గిందెవరో తెలుస్తుంది.

పశ్చిమ దేశాల్లోనూ తెర తొలగించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. బ్రిటన్ వైద్య పత్రిక ‘బి.ఎం.జె.’ 1999 నుంచి పరిశీలకుల పేర్లు వ్యాసకర్తలకు వెల్లడిస్తోంది. ‘నేచర్’ 2025 జూన్ నుంచి, కొత్తగా వచ్చే పరిశోధన వ్యాసాలు అచ్చయినప్పుడు పరిశీలకుల నివేదికలనూ రచయితల జవాబులనూ వాటితోపాటే ప్రచురించాలని నిర్ణయించింది. 1831లో హ్యూయెల్ కోరిన చోటికి ప్రయాణం మళ్ళీ చేరుకుంటోంది.

ఇందులోంచి మన సంఘం పత్రికలు తీసుకోవలసింది ముద్ర కాదు, క్రమశిక్షణ. నా ప్రతిపాదనలు కొద్దివే. ప్రతి విమర్శ వ్యాసాన్నీ సంపాదకుడు కాక మరొకరైనా చదవాలి. వీలైతే ఆ ఒక్కరు మన సంఘానికి బయటివారై ఉండాలి. వ్యాసకర్త పేరు చూడకుండా చదవాలి. వద్దన్నవారు ఎందుకు వద్దన్నారో పేరా చూపి రాయాలి. ఆ రాత వ్యాసకర్తకు చేరాలి. వ్యాసకర్తకు జవాబు చెప్పే హక్కు ఉండాలి. అచ్చయిన తర్వాత తప్పు తేలితే తర్వాతి సంచికలో ఒప్పుకోవాలి. వీటికి డబ్బు అక్కర్లేదు. కాస్త తీరికా, కాస్త వినయమూ కావాలి. పల్లెటూరి బడిలో పనిచేసే టీచరు, బీడీ కార్మికుల మధ్య తిరిగే కార్యకర్త, జిల్లా కేంద్రంలో చదువుకుంటున్న విద్యార్థిని కూడా పరిశీలకుల్లో ఉండాలి. ఆ జీవితం తెలిసినవారే ఆ జీవితం మీద రాసినదానికి సాటివారు. సాటి అన్న మాటను డిగ్రీలకు వదిలేస్తే మనం ఓడినట్టే.

నా విద్యార్థి సంగతి చెప్పి ముగిస్తాను. తప్పులు దిద్దుకుని, సగం తిరగరాసి, డబ్బు అడగని మరో పత్రికకు పంపాడు. అయిదు నెలల తర్వాత రెండు నివేదికలు వచ్చాయి. ఒకటి మెచ్చుకుంటూనే ఎనిమిది ప్రశ్నలు వేసింది. రెండోది కటువుగా ఉంది. అందులో ఒక అభ్యంతరం పూర్తిగా పొరపాటు. చదివి రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. మూడో రోజు కాగితాలు తీసుకుని మా ఇంటికి వచ్చాడు. ఒప్పుకోవలసినవి ఏడు, ఒప్పుకోకూడనివి రెండు అని తేల్చాం. మొదటి సంచిక చూసి ‘దీన్ని చదివిందెవరు’ అని అడిగినవాడు, ఈసారి ఆ ప్రశ్న వేయలేదు. ఆ రెండింటికీ జవాబు ఎలా రాయాలని అడిగాడు.